ఊరు విడిచిన పొద్దు

మూడు రోజుల మౌనానికి వెళుతున్నానంటే మా ఆయన పేపరు పక్కన పెట్టి మరీ నవ్వాడు. "నువ్వు మూడు గంటలు నోరు మూసుకుంటే నేను గుండు కొట్టించుకుంటా" అన్నాడు. సగం ఆ ఉక్రోషంతోనే బయలుదేరాను. పైకి చెప్పిన కారణాలు వేరు. రక్తపోటు, నిద్ర పట్టకపోవడం, ఏ గుడికి వెళ్ళినా దేవుడి మీద కాక బయట విడిచిన చెప్పుల మీదే ధ్యాస. మా ఆఫీసులో ఒకావిడ, కళ్యాణదుర్గం అవతల కొండ కింద చిన్న ధ్యానమందిరం ఉంది, నాలుగు రోజులుంటే మనసు కడిగేసినట్టవుతుంది అని ఊదరగొట్టింది. అలా తొంభైల చివర్లో ఒక మే నెల సాయంత్రం ఏలూరులో రైలెక్కాను. బెజవాడలో మారి, తెల్లవారాక గుంతకల్లులో దిగి, బస్టాండులో ఇడ్లీ తిని ఎర్ర బస్సు పట్టుకున్నాను.

కాలవల మధ్య పుట్టిన మనిషిని. ఆ నేల చూస్తే మొదట కళ్ళు నమ్మలేదు. దున్ని పెట్టిన ఎర్రమట్టి, దాని మీద పచ్చగా ఒక్క పరక లేదు. చూపుకి అడ్డం వచ్చేదేదీ లేదు. ఎండకు గాలి వణుకుతుంటే దూరాన కొండలు నేలను విడిచి తేలుతున్నట్టు కనిపించాయి. నిద్రపోయానో మెలకువగా ఉన్నానో తెలియకుండానే కళ్యాణదుర్గం వచ్చేసింది.

మందిరంలో గది శుభ్రంగా ఉంది, భోజనానికి వంక పెట్టలేను. "మనసులో ఉన్నవన్నీ బయటకు పంపేయండి, ఖాళీ చేయండి" అని చెప్పారు. కళ్ళు మూసుకుని ఖాళీ చేయడం మొదలుపెట్టాను. గ్యాసు బండకు చెప్పి వచ్చానా లేదా అన్నది ముందు వచ్చింది. దాని వెనకాలే ఆడపడుచు ఎప్పుడో అన్న మాట. దానికి నేను ఇవ్వలేకపోయిన జవాబు. ఒకదాన్ని బయటికి తోస్తే బంధువులతో కలిసి తిరిగొస్తోంది. రెండో రోజు పొద్దున్నే సంచి సర్దుకుని దండం పెట్టి వచ్చేశాను. రైలు మర్నాటి రాత్రికి ఉంది. అనంతపురంలో ఏదో లాడ్జిలో పడుకుందాం అనుకుని, బస్టాండు హోటల్లో ఫ్లాస్కు నిండా కాఫీ పోయించుకుని ఏడున్నర బస్సెక్కాను.

నా పక్కన ఒక పిల్ల తల్లి కూర్చుంది. ఇరవై ఏళ్ళుంటాయేమో. పేరు సుంకమ్మ. ఒళ్ళో పాప నిద్రపోతోంది. ఆ అమ్మాయి మాత్రం సీటు అంచున కూర్చుని, ఏ క్షణాన దిగమంటారో అన్నట్టు ముందుకే చూస్తోంది. నీళ్ళిస్తే తాగింది. తాగాక మాట్లాడింది.

"మా అత్తగారి ఊర్లో ఈ పొద్దు ఊరు ఇడుస్తారక్కా" అంది. వానకారుకు ముందు ఒక మంగళవారం, పొద్దు పొడవకముందే ఊళ్ళో అందరూ ఇళ్ళు వదిలి పోవాలట. మనుషులు, గొడ్లు, కోళ్ళు, కుక్కలు, అన్నీ. ఒక్క పొయ్యి వెలగకూడదు. పొద్దు గుంకాక కొత్త నిప్పు పుట్టించి, ఇంటింటికీ పంచుకుని లోపలికి పోవాలి. అలా చేస్తే వాన వస్తుంది.

పోయినేడు సరిగ్గా ఆ తెల్లవారుజామునే సుంకమ్మకు నొప్పులొచ్చాయి. కదపడానికి వీల్లేకపోయింది. ఊరంతా వెళ్ళిపోయింది, ఆ ఒక్క ఇంటి మీద పొగ లేచింది. కానుపుకు వేడినీళ్ళు కావాలి కదా మరి. ఆ ఏడు వాన రాలేదు. విత్తిన చెనిక్కాయ విత్తినట్టే మాడిపోయింది. మొగుడు కూలికి బెంగుళూరు పోయినాడు. పసిబిడ్డతో పుట్టింటికి పంపిన సుంకమ్మను మళ్ళీ ఎవరూ పిలవలేదు. ఇప్పుడు మాత్రం, ఊరితో పాటు ఒక పొద్దంతా బయట ఉండు, తర్వాత చూస్తామని పెద్దలు కబురు చేశారట.

"పొయ్యి ఎవరు వెలిగించారు?" అన్నాను.

"మా అత్త."

"మరి ఆవిణ్ణి ఏమీ అనలేదా?"

"ఆయమ్మ ఆ ఊరి ఆడబిడ్డక్కా. ఆడనే పుట్టి ఆడనే ఇచ్చినారు" అని కిటికీ వైపు తిరిగింది. మళ్ళీ నా వైపు తిరిగి, "మీరు గూడా నాతో రాకూడదా? కొత్త మనిషి ముందర గట్టిగా అనరు" అంది.

నాకు కోపం ముంచుకొచ్చింది. ఆ పిల్ల మీద కాదు, కనిపించని ఆ ఊరి మీద. అక్కడ నాకేం పని అనుకుంటూనే, రైలు ఎలాగూ రేపు కదా అని ఆమెతో పాటు దిగిపోయాను.

రోడ్డు నుంచి మట్టిదారి. ఊరి మొదట్లో దారికి అడ్డంగా తుమ్మకంప వేసి ఉంది. మేము చుట్టూ తిరిగి పోవాలి. పోతూ పోతూ కంప మీదుగా లోపలికి చూశాను. వీధి ఊడ్చి ఉంది. తలుపులన్నీ మూసి ఉన్నాయి. ఒక అరుగు మీద పిల్లలు ఆడుకునే సైకిలు చక్రం. కోడి లేదు, కుక్క లేదు, ఎక్కడా పొగ లేదు. గాలి ఒక్కటే వీధిలో అటూ ఇటూ తిరుగుతోంది. నాకు భయం వేయలేదు, కంప దగ్గరే నిలబడిపోయాను. నేనొక్కదాన్ని, ఒక్క మనసుతో చేయలేకపోయిన పనిని వీళ్ళు కోళ్ళతో సహా చేసి చూపించారు. ఎంతసేపు నిలబడ్డానో, సుంకమ్మ చెయ్యి పట్టుకుని లాగింది.

అరమైలు దూరంలో చింతతోపు. ఊరంతా అక్కడుంది. గొడ్లు నెమరేస్తున్నాయి, ముసలివాళ్ళు నిద్రపోతున్నారు, పిల్లలు కొమ్మలెక్కారు. అగ్గిపెట్టెలు, బీడీలు అన్నీ ఒక గంపలో వేసి మూట కట్టారు. చర్చికి పోయే ఇళ్ళవాళ్ళు కూడా వచ్చారు. మీకూ ఈ నమ్మకం ఉందా అని వాళ్ళలో ఒకామెను అడిగాను. "పక్క చేన్లో పడకుండా మా చేన్లోనే పడే వాన ఉండాదా అమ్మా?" అంది. అయితే ఒక్కో వీధివాళ్ళు ఒక్కో చెట్టు కింద కూర్చున్నారు. ఇళ్ళు వదిలి వచ్చారు గానీ వీధులను వెంట తెచ్చుకున్నారు.

సుంకమ్మను ఎవరూ ఏమీ అనలేదు. పలకరించనూ లేదు. ఆమె అత్త ఈరక్క, ముక్కుకు పెద్ద బేసరి ఉన్న సన్నటి ముసలావిడ, ఒక మొదలుకు ఆనుకుని కూర్చుంది. కోడల్ని చూసింది, చూపు తిప్పుకుంది. పాప వైపు అసలు చూడనే లేదు. ఇదేం మనిషిరా అనుకున్నాను.

నిన్న రాత్రి చేసిన సద్ది సంగటి, ఊరిబిండి పచ్చడి నాకూ పెట్టారు. తిన్నాక అలవాటు కొద్దీ ఫ్లాస్కు మూత తీశాను. కాఫీ వాసన తోపంతా పాకింది. తలలన్నీ నా వైపు తిరిగాయి. సుంకమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఊరి పెద్ద ఓబులప్ప లేచి వచ్చి, ఫ్లాస్కును అటూ ఇటూ చూసి, "ఇది యాడి పొయ్యిదమ్మా?" అన్నాడు. కళ్యాణదుర్గం హోటలుది అన్నాను. చాలాసేపు ఆలోచించాడు. "అయితే మా లెక్కలోకి రాదు. మూత బెట్టుకో" అన్నాడు. అప్పుడు ఈరక్క చెయ్యి చాపింది. "మూత బెట్టేముందు రవ్వంత ఈడ పొయ్యి. నాకు తలకాయి నొస్తాంది." ఊరంతా చూస్తుండగా వేడి కాఫీ ఊదుకుంటూ తాగింది.

మధ్యాహ్నమంతా ఎలా గడిచిందో చెప్పలేను. చింతాకుల సందుల్లోంచి వెలుగు పడి కదులుతోంది. ఎవరో సన్నగా పాడుతున్నారు. చేసే పని లేక, వండే బాధ్యత లేక ఆడవాళ్ళు మోచేతుల మీద తల పెట్టుకుని పడుకున్నారు. నేనూ పడుకున్నాను. గ్యాసు బండ గుర్తు రాలేదు.

పొద్దు దిగాక అందరూ లేచారు. ఊరి వాకిట్లో తుమ్మకంప లాగి పక్కన పడేశారు. ఓబులప్ప చెకుముకి రాయి కొట్టి దూదికి నిప్పు అంటించి, పిడకల మీద మంట చేశాడు. ఇంటికొక ఆడమనిషి పెంకు పట్టుకుని వస్తే, అందులో నిప్పుకణికలు వేస్తున్నాడు. వాళ్ళు రెండు చేతులా పట్టుకుని, వెనక్కి చూడకుండా లోపలికి పోతున్నారు. ఈరక్క వంతు వచ్చింది.

"ఈరక్కా, నీ ఇంటికి ఇస్తాము, దాంట్లో మాటే లేదు" అన్నాడు ఓబులప్ప. "కోడలు మాత్రం వాన పడేదాకా పుట్టింట్లోనే ఉండనీ. అందరూ అట్లే అంటాండారు. పడినాక నేనే పోయి పిలుచుకొస్తా."

సుంకమ్మ పాపను ఇంకా దగ్గరికి అదుముకుంది. నా నోరు దురద పెట్టింది. పంటి బిగువున ఆపుకున్నాను, నాది ఆ ఊరు కాదు.

"పోయినేడు పొయ్యి ముట్టిచ్చింది ఎవురు ఓబులప్పా?" అంది ఈరక్క.

జవాబు కోసం ఆగకుండా తనే అందుకుంది.

"నేను. మీకందరికీ తెలుసు. పొగ చూసినారు, నా కోడలు మంచం మీద ఉండాదని గూడా తెలుసు. ఊరి ఆడబిడ్డనని నన్ను అనలేదు. బయట నుంచి వచ్చింది గదా అని ఆయమ్మ మీద ఏసినారు. నేను గూడా గమ్మునుండినా. ఏడాది గమ్మునుండినా." పెంకును కోడలి చేతికిచ్చింది. "ముట్టిచ్చిన చేతికి ఇయ్యొద్దు. ఈ చేతులు పోయినేడు కట్టెపుల్ల ముట్టలేదు, వీటికి ఇయ్యి. బయట ఉండాల్సింది నేనైతే నేనుంటా."

అని పోయి, దారి పక్క రాయి మీద కూర్చుంది. ఓబులప్ప చేతిలో పటకారు అలాగే ఉండిపోయింది. వెనక నుంచి, పొద్దున నాతో మాట్లాడిన చర్చి ఆవిడ, "ఇయ్యప్పా, పిల్లోళ్ళు ఆకలి మీదుండారు" అంది. ఆయన ఒకసారి మొహం తుడుచుకుని, నిప్పులు తీశాడు.

పెంకు పట్టుకోవాలంటే రెండు చేతులూ కావాలి. సుంకమ్మ నా వైపు చూసింది, అత్త వైపు చూసింది. పోయి పాపను అత్త ఒళ్ళో పెట్టింది. నిప్పు అందుకుని లోపలికి పోయింది.

ఒక్కో ఇంటి మీదా పొగ లేస్తోంది. జనం పలచబడ్డారు. ఈరక్క రాయి మీద నుంచి లేవలేదు. పాప ఆమె బేసరి పట్టుకుని గుంజుతుంటే, "ఉండు దొంగముండా" అంటూ ఏడుస్తోంది. నేను పక్కన కూర్చుని నేనూ ఏడ్చాను, దాచుకోవడం దేనికి.

చీకటి పడే వేళకు సుంకమ్మ వచ్చింది. మొహమంతా మసి.

"అత్తా, ఎసరు మరుగుతాంది. ఎంత పిండి పొయ్యాలో నాకు తెల్దు. నువ్వొచ్చి పొయ్యి."

"ఏడాదికే అన్నీ మరిచిపోతివా" అని గొణుక్కుంటూ ఈరక్క లేచింది, పాపను చంకనెత్తుకుని ఊళ్ళోకి నడిచింది. ఓబులప్ప చూసీ చూడనట్టు మంట ఎగదోసుకుంటూ కూర్చున్నాడు.

ఆఖరి బస్సులో అనంతపురం చేరి, స్టేషను దగ్గర లాడ్జిలో పడుకుని, మర్నాటి రాత్రి రైలెక్కాను. నాకిచ్చినది కిటికీ పక్క బెర్తు. ఎదుటి సీటాయన, ఇటు వైపు చూడాల్సినవేమున్నాయండీ అని అడిగాడు. నేను చూసిన ఊరి పేరు ఏ పుస్తకంలోనూ ఉండదు, ఉన్నా ఆ రోజు తప్పితే మరో రోజు వెళితే అది అన్ని ఊళ్ళలాంటి ఊరే. ఆ మాటే చెప్పాను. ఆయన పడుకున్నాక కళ్ళు మూసుకున్నాను. ధ్యానం కాదు, అడుక్కోవడమే. ఈ ఏడు అక్కడ వాన పడనీ స్వామీ అన్నాను. ఒకవేళ పడకపోతే, ఎవరి కోడలినీ అనకుండా ఉండే బుద్ధి వాళ్ళకివ్వు అన్నాను. మొదటిది ఆ స్వామికి పెద్ద కష్టమేమీ కాదు. రెండోదానికే నాకు నిద్ర పట్టలేదు.