మురుగులో తోడు

రెండువేల సంవత్సరం దాటాక, మూసీ ఒడ్డున మురుగునీటి శుద్ధి కేంద్రంలో నేను కెమిస్టును. ఎమ్మెస్సీ పట్టా చంకన పెట్టుకుని కోస్తా నుంచి వచ్చినవాణ్ణి. అక్కడి ఆపరేటర్ పాతబస్తీవాడు, పాలవ్యాపారం చేసే ఇంట పుట్టినవాడు. పదో తరగతి కూడా గట్టెక్కలేదు. అయినా మా ఇంజనీరు గారు నా ల్యాబు గుమ్మం దాటి నేరుగా అతని దగ్గరికే వెళ్లేవారు. చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోయేది. చివరికి మా ఆవిడ కూడా వాళ్లింటి పెరుగునే మెచ్చుకునేది.

శుద్ధి ఎలా జరిగిందో తేల్చే నా పరీక్షకు అయిదు రోజులు పట్టేది. అతను గాలి కొట్టే తొట్టిలోంచి జాడీడు నీళ్లు ముంచి, అరగంట కదపకుండా ఉంచి, అడుగున మడ్డి ఎంత పేరిందో చూసి చెప్పేసేవాడు. మురుగును తినే సూక్ష్మజీవులు ఆ మడ్డిలోనే ఉంటాయి. అందుకే కొంత మడ్డిని మళ్లీ తొట్టిలోకి పంపుతాం. పుస్తకాల్లో దానికి బారెడు ఇంగ్లీషు పేరుంది. అతను మాత్రం 'తోడు' అనేవాడు.

ఒక వేసవిలో తొట్టినిండా తెల్లటి నురుగు లేచింది. బయటికి పోయే నీళ్లు మసకబారాయి. ఇంజనీరు గారు సెలవులో ఉన్నారు. నేను గాలి పెంచమన్నాను. నురుగు ఇంకా పొంగింది.

"గాలితోని ఏమైతది సార్? తోడు తక్కువైంది" అన్నాడు ఆపరేటర్. "మడ్డి బయట పారబోసుడు బంద్ చేసి తొట్టిలకే వాపస్ పంపుదాం. తోడు సాలకుంటె పాలు పెరుగెట్లయితయి?"

పళ్లు కొరుక్కుంటూనే సరేనన్నాను. కొద్ది రోజుల్లో నీళ్లు తేటపడ్డాయి. రిపోర్టులో మాత్రం 'నా పరిశీలన ప్రకారం' అని రాసుకున్నాను. ఒక్కసారైనా ఇంజనీరు గారు నా మాటకు తల ఊపాలన్నదే నా యావ.

సెలవు నుంచి వచ్చి ఆయన రిపోర్టు చదివారు. అందరి ముందూ అడిగారు. "పరీక్ష ఫలితం రాకముందే ఎలా పట్టుకున్నావయ్యా?"

నేను కళ్లద్దాలు తీసి తుడుచుకోసాగాను. వెనక నుంచి ఆపరేటర్ గొంతు వినిపించింది.

"రోజు జాడీ పట్టి చూస్తడు సార్. నాకు గూడ ఆయననే నేర్పిండు."

ఇంజనీరు గారు నా భుజం తట్టారు. బయటికొచ్చాక అతన్ని పట్టుకుని, "ఎందుకలా చెప్పావు?" అని అడిగాను.

"గింత దానికి ఫికర్ ఏంది సార్? నీళ్లు మంచిగైనయ్ గదా" అని జాడీ కడగడానికి వెళ్లిపోయాడు.

అబద్ధమాడి మరీ తన ఘనతను నాకు అంత తేలిగ్గా ఎలా ఇచ్చేయగలిగాడా అని నేనిప్పటికీ కుళ్లుకుంటూనే ఉన్నాను.