నాన్న కొన్న పాత పెంటియం, అమ్మ కుట్టిన చొక్కా

మా చిన్నప్పుడు మా ఇంట్లో చొక్కా లేని వస్తువు లేదు... టీవీకి చొక్కా, మిక్సీకి చొక్కా, కుట్టు మిషనుకి చొక్కా. సముద్రం పక్క ఊరు కదా, ఉప్పుగాలికి కిటికీ ఊచలే పొరలు పొరలుగా రాలిపోయేవి. అందుకని ఇంట్లోకి ఏ వస్తువు వచ్చినా ముందు పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేయాలి, ఆ తర్వాత అమ్మ పాత చీర చించి దానికి తొడుగు కుట్టాలి. అదీ మా ఇంటి పద్ధతి.

అలాంటి ఇంట్లోకి ఓ కంప్యూటర్ వచ్చింది... మా రూతక్క కోసం.

అక్కకి ఇంజినీరింగ్ ఎంట్రన్సులో ర్యాంకు వచ్చింది. ఇక తనకి కావలసిన కాలేజీలను వరసగా నెట్‌లో ఎక్కించి, గడువులోగా లాక్ చేసి ఖాయపరచాలి. చేయకపోతే ర్యాంకు ఉన్నా సీటు లేనట్టే. నాయుడుపేట నెట్ సెంటర్లలో ఒకరి వరసని ఇంకొకరు మార్చేస్తున్నారని ఊరంతా పుకారు. "నా బిడ్డ పాస్‌వర్డు ఎవుడి చేతికీ ఇయ్యను" అని నాన్న పంతం పట్టాడు.

రొయ్యల చెరువుల మీద మోటార్లు చూసుకునే నాన్నకి ప్రాసెసర్ గురించి ఏం తెలుసు? తెలియదు కాబట్టే అంత తేలిగ్గా వదల్లేదు. నాయుడుపేటలో ఓ కొట్లో మూడు కంప్యూటర్లు పక్కపక్కనే పెట్టించాడు. ఒకటి డ్యూయల్ కోర్... కొత్తది, మాకు అందని ధర. రెండోది సెలెరాన్... చవకే గానీ, రెండు పనులు ఒకేసారి చెప్తే నీరసపడిపోయేది. మూడోది ఎవరో వాడి అమ్మేసిన పెంటియం ఫోర్. మూడింట్లోనూ అదే ఫోటో, అదే పాట తెరిపించి, మెడ సాచి చూస్తూ కూర్చున్నాడు. కొట్లో కుర్చీ ఇవ్వకపోయినా కదల్లేదు. పాత పెంటియంలో అవి సెలెరాన్‌లో కంటే ముందే తెరుచుకున్నాయి, ధరేమో దాదాపు అంతే. ఆయన ముఖం వెలిగిపోయింది.

వెంట వచ్చిన మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, పెదవి విరిచాడు. "కాలం చెల్లినదాన్ని కొంటుండావు బావా. ఇంకొంచెం ఏసుకొని ఆ డ్యూయల్ కోర్ తీసుకో."

"సీటు కోసం కొంటుండాం, షోకు కోసం కాదు" అన్నాడు నాన్న.

కొట్టాయన మాత్రం, "ఇది కాస్త వేడెక్కుద్దన్నా... గాలి తగిలే చోట పెట్టుకో" అన్నాడు.

నాన్న బుద్ధిగా తలూపి, ఇంటికొచ్చి సరిగ్గా సముద్రం వైపు కిటికీ కింద పెట్టి, ఫోను తీగతో నెట్ కూడా కలిపించాడు. ఉప్పుగాలి కొడుతుంటే అమ్మ ఊరుకుంటుందా? మర్నాటికల్లా రెండు మడతల చీరగుడ్డతో చొక్కా తయారు. బటన్ దగ్గర ఒక చిల్లు, వెనక వైర్లకి ఒక చిల్లు... మిగతాదంతా బిగుతుగా కుట్టేసింది.

ఏ కాలేజీ ముందు, ఏది వెనక అని ఇంట్లో వాదనలు తెగేసరికి ఆఖరి రోజు రానే వచ్చింది. సాయంత్రం ఆరుకి గడువు. మధ్యాహ్నం అక్క కూర్చుని సగం కాలేజీలు ఎక్కించిందో లేదో... తెర నల్లబడింది. ఎక్కించినవన్నీ పోయాయి.

"పాపం అలిసిపోయింది, కాసేపు పడుకోనీండి" అని అమ్మ మానిటర్ మీద కూడా తువ్వాలు కప్పింది. కాసేపాగి ఆన్ చేస్తే ఈసారి ఇంకా ముందే ఆగిపోయింది. మళ్ళీ కప్పాం. మళ్ళీ ఆగింది.

ఐదు దాటింది. మామయ్య బండేసుకొచ్చాడు. "నేను చెప్తే ఇన్యావా బావా? చవకని పాతది తెచ్చి బిడ్డ బతుకు మీదకి తెస్తివే... లేయ్ రూతూ, బండెక్కు, నాయుడుపేట పోదాం."

మధ్యలో రైలు గేటు పడితే అంతే సంగతులు. అది మా అందరికీ తెలుసు. అక్క లేచి నిలబడి ఏడుస్తూ నాన్న వైపు చూసింది. నాన్న ఎవరి వైపూ చూడలేదు. ఊళ్ళో అందరి మోటార్లూ బాగుచేసే మనిషి అలా చేతులు వేలాడేసి నిలబడటం నేనెప్పుడూ చూడలేదు.

అమ్మ అలవాటుగా చొక్కా సర్దబోయి, ఠక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. మళ్ళీ మెల్లగా అరచెయ్యి ఆనించింది... మాకు నుదుటి మీద ఆనించినట్టే.

"ఏమయ్యా... జొరమొచ్చిన బిడ్డ ఒళ్ళు మాదిరి కాలిపోతా ఉందే ఇది!"

నాన్న తల ఎత్తాడు. కొట్టాయన మాట అప్పుడు గుర్తొచ్చినట్టుంది. "ముందు ఆ చొక్కా పీకెయ్!" అని అరిచాడు.

ఎంత బిగుతుగా కుట్టిందో, అమ్మే కత్తెర తెచ్చి కోసేసింది. నాన్న స్క్రూలు తిప్పి పక్క రేకు ఊడదీశాడు. గుప్పున వేడి కొట్టింది. అమ్మ తాటాకు విసనకర్ర అందుకుని చంటిపిల్లకి విసిరినట్టు విసరడం మొదలుపెట్టింది. బండి ఆపేసి వచ్చిన మామయ్య ఓ అట్టముక్క తీసుకుని రెండో వైపు నుంచి విసిరాడు.

అక్క ఆన్ చేసింది. ఒక్కో కాలేజీ ఎక్కిస్తోంది... మాకెవరికీ ఊపిరి ఆడటం లేదు. దానికి మాత్రం ఆడింది.

"లాక్ అయింది నాన్నా!"

నాన్న నేల మీద చతికిలబడిపోయాడు. "గాలాడకపోతే మోటారు కాలిపోద్దని ఊరందరికీ చెప్తానే... నా ఇంట్లో దానికి మాత్రం ఊపిరి ఆడనీకుండా చేసినానే" అన్నాడు. మామయ్య మాత్రం, "మంచిదే కొన్యావులే బావా" అన్నాడు. అమ్మ ఇంకా విసురుతూనే ఉంది... ఆపమని చెప్పడం ఎవరికీ తోచలేదు.

అక్కకి సీటొచ్చింది. ఇప్పుడు మా ఇంట్లో ల్యాప్‌టాప్ కావాలంటే ఫోన్‌లో రేటింగు చుక్కలు చూసి ఆర్డరిచ్చేస్తాం. మూడు పక్కపక్కన పెట్టి మెడ సాచి చూసే ఓపిక ఎవరికీ లేదు, చొక్కా కుట్టేంత కాలం ఏదీ ఉండదు. వేడెక్కితే అదే తెర మీద చెప్తుంది కూడా. అయినా నేను ముందు అరచెయ్యి ఆనించే చూస్తాను...

మీ ఇళ్ళల్లో అమ్మలు వేటికి చొక్కాలు కుట్టారో, ఏది ఊపిరాడక అల్లాడిందో చెప్పరూ...