పెళ్లి మంచు, పటం మంచు

బంగారు గనులు మూసేసిన మరుసటి ఏడాది రాబర్ట్‌సన్‌పేటలో ఒక ఫొటో స్టూడియోలో పనికి చేరాను. గని ఆఫీసులో గుమాస్తాగా చేసిన పార్థసారథి గారు ఉద్యోగం పోయాక పెట్టుకున్న స్టూడియో అది. నా భర్త చాంపియన్ రీఫ్స్ గని షాఫ్టులో దిగే మనిషి. గని కంటే ముందే పోయాడు. నాకు చదువు లేదు. అక్షరాలు కూడబలుక్కుంటాను, అంతే. ఇది కూడా నేను చెబుతుంటే మంజుల రాస్తున్నది.

చేరినప్పుడు నా పనిని టచింగ్ అనేవారు. కడిగి ఆరబెట్టిన ఫొటో మీద తెల్ల చుక్కలు మిగిలితే, సన్న కుంచెతో పక్క రంగులో కలిసిపోయేట్టు వాటిని మూసేయడం. కొన్నేళ్లకు కంప్యూటర్ వచ్చింది. కుంచె పోయి మౌస్ వచ్చింది. తెర మీద పేర్లు చదవలేను కాబట్టి, ఏ బటన్ ఏ మూల ఉంటుందో చూసి పెట్టుకున్నాను. నా తర్వాత చేరిన మంజుల పెళ్లి ఆల్బంలు చేసేది. నేను పటాలు చేసేదాన్ని, అంటే పోయినవాళ్లకు దండ వేసి గోడకు తగిలించే ఫొటోలు. పెళ్లిళ్ల కాలంలో మంజులకు చేయి ఆడకపోతే ఆ ఆల్బంలూ నేను పట్టేదాన్ని. ఇద్దరం ముందు గదిలో ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లం.

ఆ బెంచీ సంగతి చెప్పాలి. మా గని కార్మికుల లైన్లో ఇళ్లకు తాళాలు పడుతున్న రోజులవి. ఒకరు బెంగళూరు, ఒకరు మాలూరు ఫ్యాక్టరీ అని వెళ్లిపోయారు. ఇంటికి పోతే గోడకు అవతల నుంచి ఒక దగ్గు కూడా వినపడేది కాదు. పొద్దున స్టూడియోలో నోరు తెరిస్తే, ముందు రోజు సాయంత్రం తర్వాత అదే మొదటి మాట. మంజుల నోరు మాత్రం ఆగేది కాదు. నాది గరుకు గొంతు. “అక్కా, నువ్వు పిలిస్తే గని సైరన్ కూత మళ్లీ పెట్టినారేమో అనిపిస్తాది” అనేది. “పెట్టింటే బాగుండు, నువ్వన్నా టయానికి వచ్చిందువు” అనేదాన్ని.

ఇక ఫిల్టర్ల సంగతి. ఫొటో మీద వరసగా చేయాల్సిన పనులన్నీ మూటకట్టి ఒక బటన్ కింద పెడితే దాన్ని ఫిల్టర్ అంటారు. మా దగ్గర ఒకలాంటివే రెండు ఉండేవి. పెళ్లి మంచు, పటం మంచు అని పిలుచుకునేవాళ్లం. రెండింటిలోనూ ఫొటోకు నకలు తీసి, దాన్ని మసక చేసి, తెలుపు పెంచి, అసలు ఫొటో మీద పల్చగా పరచాలి. అక్కడి దాకా తేడా లేదు. ఆ తర్వాతే దారులు వేరు. పెళ్లికూతురికి తెలుపు నగల నుంచి, మల్లెపూల నుంచి బయటికి పాకాలి. పటానికి అంచుల నుంచి లోపలికి రావాలి. మాకు వచ్చేవన్నీ చాలావరకు గని గుర్తింపు కార్డుల ఫొటోలు. వాటి మూల మీద, భుజం దాకా, ఆఫీసు ముద్ర పడి ఉంటుంది. అంచుల తెలుపు ఆ ముద్రను మింగేస్తుంది. భుజాలు కూడా కరిగిపోయి ముఖం ఒక్కటే మిగులుతుంది.

కొత్త కంప్యూటర్ కొన్నప్పుడు, దాన్ని బిగించడానికి వచ్చిన సెల్వం ఈ రెండింటినీ చూశాడు. “సగం దాకా రెండూ ఒకటే కదక్కా, రెండెందుకు? ఒకటి చేసి నంబరు పెట్టేస్తా” అన్నాడు. నంబరు తగ్గిస్తే పెళ్లికి, పెంచితే పటానికి. పార్థసారథి గారికి నచ్చింది. నాకూ నచ్చింది. బటన్ ఒకటైతే ఇద్దరం ఆ కొత్త కంప్యూటర్ దగ్గరే వంతులవారీగా చేసుకోవచ్చు.

కొన్నాళ్లు బాగానే నడిచింది. అయితే ఆ బటన్ ముందు వాడిన నంబరును అలాగే ఉంచుకునేది. ఒక రోజు నేను పటం ముగించి లేచాను. మంజుల కూర్చుని, నంబరు చూడకుండా, క్యాసంబళ్ళి ఊరి పెళ్లికూతురి పెద్ద ఫొటో చేసి ప్రింటు తీసింది. అంచులన్నీ తెల్లబారాయి. పట్టుచీర భుజాల దగ్గర కరిగిపోయింది.

పెళ్లికూతురి తల్లి వచ్చి కవరు విప్పింది. రాగులు, మామిడి పండించే రైతుల ఇంటి మనిషి, ఊరికే నోరు చేసుకునే రకం కాదు. అలాంటిది ఫొటో చూడగానే అరిచింది.

“ఏమప్పా, నా బిడ్డ బతికుండంగానే పటం కట్టిచ్చినారే!”

పార్థసారథి గారు చేతులు జోడించి, వేరేది చేసిస్తామన్నారు. ఆమె బెంచీ వైపు చూసింది. నా నుదురు చూసింది.

“ఆ యమ్మ చెయ్యి పడిందా దీని మీద?”

“లేదమ్మా, నేనే చేసినాను” అంది మంజుల. ఆమె నమ్మలేదు.

సాయంత్రం సెల్వాన్ని పిలిపించారు. నంబరు ప్రతిసారీ దానంతట అదే సున్నాకు వచ్చేట్టు చేస్తానన్నాడు. పార్థసారథి గారు నన్ను పక్కకు పిలిచారు. “రాజమ్మా, కలిపే పెట్టుకుందామంటే సరే. ఎవరేమన్నా నేను చూసుకుంటాను. రెండు బటన్లూ ఒకే చోట ఉంటే మళ్లీ ఒకటి బదులు ఇంకోటి నొక్కుతారు. అందుకే విడదీస్తే పటం బటన్ పాత కంప్యూటర్లో పెట్టాల, అది వెనక గదిలో ఉండాది. నువ్వక్కడ కూర్చోవాల్సి వస్తాది. రెండూ చేసేదానివి నువ్వే, నువ్వే చెప్పు” అన్నారు.

వెనక గది అంటే ఒకప్పటి చీకటిగది. కిటికీ లేదు. కలిపే ఉంచమని ఒక్క మాట అంటే చాలు, నా చోటు ముందు గదిలోనే. ఆ మాట నోటి దాకా వచ్చింది. నేను పని గురించి ఆలోచించాను.

“విడదీయండి సార్” అన్నాను.

మంజులకు కోపం వచ్చింది. “సెల్వం సరిచేస్తానంటా ఉండాడు కదక్కా! ఇంగేమి నీకు? ఆ యమ్మ మాటకు రోషమా?”

“నంబరు సరిచేస్తాడు లే. రేపు ముద్ర గట్టిగా పడిన కార్డు వస్తాది, నేను అంచు తెలుపు ఇంకొంచెం పెంచమంటాను. ఒకే బటన్ అయితే అది నీ పెళ్లికూతురికీ పెరుగుతాది. నువ్వు నగల మెరుపు పెంచమంటే నా పటాల్లో పోయినోళ్ల కండ్లు మెరుస్తాయి. ఒకదాన్ని బాగుచేస్తే ఇంకోటి చెడతాది.”

సెల్వం అది నిజమే అన్నాడు. విడదీశారు. మర్నాడు నా కుర్చీ వెనక గదికి చేరింది.

మొదట్లో మంజుల మధ్యాహ్నం క్యారియర్ పట్టుకుని అక్కడికే వచ్చేది. పెళ్లిళ్లు మొదలయ్యాక రాలేకపోయింది. ఇది రాస్తూ ఇక్కడికి వచ్చేసరికి మంజుల కలం ఆపింది. రాయమ్మా, నువ్వు రాలేకపోయింది పని వల్లే, అది కూడా రాయి అన్నాను.

ఉద్యోగం మానేసేదాకా ఆ గదిలోనే పనిచేశాను. తెర మీదికి వచ్చేవాళ్లలో కొందరు నా భర్త షిఫ్టువాళ్లు. ముఖం గుర్తుపట్టి, భుజం మీద ముద్ర మింగించి, అంచులు తెల్లబరిచి పంపేదాన్ని. ముందు గదిలో మంజుల నవ్వు తలుపు అవతల నుంచి వినపడేది. ఏమన్నదో వినపడేది కాదు.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఇది. రెండు ఫిల్టర్లు ఒకేలా మొదలైనంత మాత్రాన వాటిని కలపకూడదు. అవి ఎక్కడ ముగుస్తాయో, రేపు ఒకదాన్ని మారిస్తే రెండోది మారాలా వద్దా, అది చూడాలి. మారకూడదంటే విడిగానే ఉంచాలి. ఎవరి కుర్చీ ఎక్కడికి పోతుందన్నది ఆ లెక్కలోకి రాదు. నేను రానివ్వలేదు. పెళ్లి ఫొటో పటంలా రావడం ఆ తర్వాత మళ్లీ జరగలేదు.