చప్పుడు లేని దెబ్బ

తెర పక్కన, ప్రేక్షకులకు కనబడని చోట ఆమె బల్ల ఉండేది. దాని మీద రెండు మడతలు పెట్టిన వెడల్పాటి తోలు బెల్టు, కట్ట కట్టిన ఎండుపుల్లలు, రెండు ఇనప రేకులు, ఒక క్యాబేజీ. పక్కనే కొక్కేనికి, ఇసుకా తడిగుడ్డలూ కూరిన గోనెసంచి. వేదిక మీద ఎవరు ఎవరిని కొట్టినా చెయ్యి ఒంటికి బెత్తెడు దూరంలో ఆగిపోయేది. చప్పుడు మాత్రం ఈ బల్ల మీద పుట్టేది. కడుపులో కత్తి దిగితే క్యాబేజీ చీలేది. పక్కటెముక విరిగితే పుల్లలు విరిగేవి. నలభై ఏళ్ళుగా ఆ నాటక కంపెనీలో చచ్చినవాళ్ళందరినీ ఆమే చంపింది. అందరూ ఆమెను దెబ్బలక్క అనేవారు.

తెర లాగే మనిషికి భార్యగా పద్దెనిమిదేళ్ళప్పుడు అక్కడికి వచ్చింది. అప్పుడన్నీ రాజుల కథలు. సింహాసనం ముందు బానిస వీపు వంచేవాడు, రాజు కొరడా ఎత్తేవాడు, ఆమె గోనెసంచిని బాదేది. రాజు వేషం వేసే ఆయన్ని వేషం తీసేశాక కూడా రాజుగారనే పిలిచేవాళ్ళు. వారానికి నాలుగుసార్లు యుద్ధంలో చనిపోయి, ముఖం కడుక్కుని వచ్చి ఆమె బల్ల దగ్గర టీ తాగేవాడు.

"ఇవాళ నా తల తెగిన చప్పుడు కాస్త పచ్చిగా ఉందమ్మాయ్."

"మీ తల లేతది రాజుగారూ. నన్నేం చెయ్యమంటారు."

కొన్నేళ్ళకు కిరీటాలు పెట్టెల్లోకి వెళ్ళిపోయాయి. మిల్లు యజమానులూ లాఠీలూ వచ్చాయి. బానిస చొక్కా మార్చుకుని కార్మికుడయ్యాడు. గోనెసంచి మారలేదు, దాన్ని బాదే చేతులూ మారలేదు. ఊళ్ళో మిల్లు మూతపడిన ఏడాది, సమ్మెలో దెబ్బలు తిన్నవాళ్ళే టిక్కెట్లు కొని వచ్చి కూర్చున్నారు. లాఠీ కింద పుల్లలు ఫెళ్ళున విరగగానే మూడో వరసలో ఒకతను మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని వాంతి చేసుకున్నాడు. మర్నాడు పొద్దున్నే ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. ఒక భుజం కిందికి జారి ఉంది.

"ఎముక విరిగితే అంత చప్పుడు రాదమ్మా," అన్నాడు. "తడిగుడ్డ మెలిపెట్టినట్టుంటుంది. పక్కవాడికి కూడా వినబడదు."

"అలా చెయ్యమంటారా?"

అతను తల అడ్డంగా ఊపాడు. "వద్దులెండి. మీరు చేసినట్టే చెయ్యండి. వినబడాలిగా."

నిజం దెబ్బ వినబడదన్న సంగతి ఆమెకు ముందే తెలుసు. పదకొండేళ్ళు, ఒంటిగది ఇంట్లో, భర్త ఆమెను కొట్టాడు. తెర తాడు లాగి లాగి కాయలు కాచిన అరచేతులతో కొట్టాడు. జుట్టు పట్టుకుని తలుపు గడియకేసి కొట్టాడు. ఒకసారి పీట అంచుతో ముంజేయి విరగ్గొట్టాడు. అటు గోడ వెనక ఒక కుటుంబం, ఇటు గోడ వెనక ఒక కుటుంబం. ఒక్కరోజు కూడా ఎవరూ తలుపు తట్టలేదు. పరుపు మీద దిండు పడినట్టు ఉండేది అంతే. సాయంత్రం వచ్చి, అదే చేతికి కట్టు కట్టుకుని, హాలంతా ఉలిక్కిపడేలా పరాయి దెబ్బలు మోగించేది. లివరు చెడి అతను పోయినప్పుడు, ఆ వారం కూడా ఆట మానలేదు.

చివరికి ఇళ్ళ నాటకాలు వచ్చాయి. వేదిక మీద ఒక సోఫా, ఒక భోజనాల బల్ల, ఒక భార్య, ఒక భర్త. కొత్త నాటకంలో భార్య వేషం దెబ్బలక్క చెల్లెలి కూతురిది. తల్లి లేని పిల్ల. సన్నగా, చురుగ్గా ఉంటుందని దెబ్బలక్కే దానికి పిచ్చుక అని పేరు పెట్టింది. భర్త వేషం పిచ్చుకను నిజంగా పెళ్ళాడిన అల్లుడిదే. మామగారుగా రాజుగారు. ఆయన పని ఎడమవైపు కుర్చీలో కూర్చుని, కోడలు దెబ్బలు తింటున్నంతసేపూ పేపర్లోంచి తల ఎత్తకపోవడం.

మూడో అంకంలో ఏడు చెంపదెబ్బలు. అల్లుడు ఎడమ మడమతో నేలను తట్టగానే దెబ్బలక్క బెల్టు మడతల్ని చటుక్కున లాగి మోగించాలి. అంతకుముందు తొమ్మిది ఆటల్లో అలాగే మోగించింది. పదో ఆటలో, బెల్టు చప్పుడు కింద ఆమెకు ఇంకో చప్పుడు వినబడింది. చిన్నది. మెత్తనిది. పరుపు మీద దిండు లాంటిది.

ఆ చప్పుడు ఆమెకు తెలుసు.

ఆట అవగానే డైరెక్టరు దగ్గరికి వెళ్ళింది. "నీ చెవులకి వయసొచ్చిందక్కా," అన్నాడాయన. "హాలు నిండుతోంది. ఆడవాళ్ళు వెక్కి వెక్కి ఏడుస్తున్నారు. ఇంకేం కావాలి?"

అల్లుడు ముఖానికి రంగు తుడుచుకుంటూ అద్దంలోంచే జవాబిచ్చాడు. "అత్తయ్యా, బల్ల పని మీది, వేదిక పని నాది. ఎవరి పని వాళ్ళం చేసుకుందాం."

ఆదివారం మధ్యాహ్నం ఆటలో, రెండో అంకంలో రాజుగారు తన కుర్చీలోంచి "మంచినీళ్ళు తీసుకురా అమ్మాయ్" అన్నాడు. పిచ్చుక కదల్లేదు. రెండోసారి అన్నాడు. మూడోసారి గ్లాసుతో బల్ల మీద కొడితే, పెదవులు చూసి అర్థం చేసుకుని పరిగెత్తింది. తెర పడగానే దెబ్బలక్క పిల్లను గదిలోకి లాక్కెళ్ళి, ఎడమ చెవిలో దూది పెట్టి తీసింది. దూది ఎర్రగా వచ్చింది.

"ఎన్నాళ్ళనించి?"

"హోరుమంటోంది అంతే పెద్దమ్మా. తగ్గిపోతుందిలే."

"చెయ్యి తగిలిస్తున్నాడు కదూ."

"సీను నిజంగా రావాలంటాడు."

"మరి ఇంట్లో?"

"ఇంట్లో ప్రాక్టీసు." పిచ్చుక నవ్వబోయింది. పెదవి చిట్లి ఆగిపోయింది. "అక్కడ చప్పుడు చెయ్యడానికి నువ్వుండవుగా."

దెబ్బలక్క దూదిని గుప్పిట్లో పెట్టుకుని బల్ల దగ్గరికి వచ్చింది. రెండో చెవి కూడా పోతే ఈ పిల్లకు ఇక ఏ మాటా అందదు. తన బెల్టే ఇన్నాళ్ళూ ఆ దెబ్బల మీద దుప్పటి కప్పింది.

మూడో అంకానికి తెర లేచింది. అల్లుడు కేకలు వేశాడు, కంచం విసిరాడు, పిచ్చుక జుట్టు పట్టుకున్నాడు. మడమ నేలను తట్టింది.

ఆమె బెల్టు తియ్యలేదు.

చెయ్యి చెంప మీద పడింది. చప్పుడు పిసరంత. చప్పుడు చెయ్యడం మర్చిపోయారనుకుని వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. రెండోసారి మడమ తట్టింది. రెండో దెబ్బ. పిచ్చుక తల పక్కకు తిరిగిపోయింది. నవ్వు ఆగిపోయింది. అంత నిశ్శబ్దంలో అందరికీ ఆ మెత్తటి చప్పుడు వినబడింది. తడిది, దగ్గరిది, ఒంటి మీదిది.

"అత్తయ్యా, బెల్టు," అన్నాడు అల్లుడు పళ్ళ బిగువున.

ఆమె చేతులు కట్టుకుని నిలబడింది.

సీను పాడైపోతోందన్న కసి అతని భుజంలోకి ఎక్కింది. ఈసారి పిడికిలి. పిచ్చుక భోజనాల బల్ల అంచుకు తగిలి బొక్కబోర్లా పడింది. నోట్లోంచి రక్తమూ, దానితో ఒక పన్నూ చెక్కల మీద పడ్డాయి. అతను కాలెత్తి పక్కటెముకల్లో తన్నాడు. చప్పుడు తడిగుడ్డ మెలిపెట్టినట్టే ఉంది.

రాజుగారు పేపరు దించాడు. నాటకంలో లేని పని అది. లేచి, రెండు చేతులతో అల్లుడి మణికట్టు పట్టుకున్నాడు. అల్లుడు విదిలించి తోస్తే ఆయన కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. ముందు వరసలో ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు.

అప్పుడు దెబ్బలక్క బెల్టు తీసుకుని నలభై ఏళ్ళలో మొదటిసారి వెలుగులోకి నడిచింది. దీపాలకు కళ్ళు చెదిరాయి. అల్లుడి కాలు మళ్ళీ లేచింది. మడత విప్పి, గోనెసంచిని బాదినంత బలంగా అతని ముఖం మీద కొట్టింది. కన్ను పక్కన చర్మం చీలింది. అతను ముఖం పట్టుకుని మోకాళ్ళ మీద కూలబడితే, మెడ మీద ఇంకోటి కొట్టింది. రెండు దెబ్బలకూ చప్పుడు రాలేదని గమనించింది. ఇది తనకూ చేతనవునని తెలిసింది. బెల్టు పారేసింది.

డైరెక్టరు తెర వెయ్యమని అరుస్తున్నాడు. ముందు వరస వాళ్ళు వేదిక ఎక్కేస్తున్నారు. అందులో ఇద్దరు అల్లుణ్ణి నేలకు అదిమి పట్టుకున్నారు.

ఎడమ చెవి తిరిగి రాదని, కుడిదానికి ఏమీ కాలేదని డాక్టరు చెప్పాడు. పిచ్చుక పెద్దమ్మ ఒంటిగదికే వచ్చేసింది. కంపెనీ నుంచి ఇద్దరికీ కబురు రాలేదు. రాజుగారు మాత్రం నడుముకు పట్టీ వేసుకుని వచ్చి, "వేలసార్లు చచ్చాను, పడటం ఇంకా రాలేదు," అని టీ తాగి వెళ్ళాడు.

ఒకరోజు పొద్దున్న దెబ్బలక్క స్టవ్ దగ్గరనుంచి ఏదో అడిగింది. మంచం మీద పిచ్చుక ఎడమ చెవి స్టవ్ వైపుగా వెల్లకిలా పడుకుని ఉంది. మాట అందలేదు. ఆమె స్టవ్ ఆపి, మంచం కోళ్ళు పట్టుకుని, పిల్లతో సహా గర్రున ఈడ్చి అటుది ఇటు తిప్పేసింది.

"ఏంటి పెద్దమ్మా ఆ చప్పుడు?"

"వినబడిందా?"

"ఆ చప్పుడుకి చచ్చినవాళ్ళు కూడా లేస్తారు."

"అయితే సరే," అంది ఆమె, కుడి చెవి వైపు కూర్చుంటూ. "చక్కెర ఎన్ని చెంచాలు?"