ముక్కు చూసి ఎక్కిన బండి

ఆ రోజుల్లో మాకు తెలిసిన ప్రతిదానికీ ఒక ముందూ ఒక వెనకా ఉండేవి. నావకి ముక్కు ఉండేది, తోక ఉండేది. దారిలో అత్త ముందు నడిచేది, కోడలు వెనక నడిచేది. ఏది ఎటు పోతుందో చూడగానే తెలిసిపోయేది. మొన్న ఢిల్లీలో నా మనవరాలు నన్ను భూమి లోపలికి, మెట్లు వాటంతటవే దిగే చోటికి తీసుకెళ్లి, "అమ్మమ్మా, ఇక్కడ బండి మారాలి" అంది. పైనొక బండి, కిందొక బండి, వల విదిల్చినప్పుడు రాలిన చేపల్లా నాలుగు దిక్కులకీ జనం. బండి మారాలన్న మాట చెవిన పడగానే, యాభై ఏళ్లు దాటినా సరే, నా చెయ్యి నెత్తి మీద గంప కోసం వెతుక్కుంది. ఆ గంప సంగతే చెబుతున్నాను. నాకు సంతకం మించి రాదు, నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. (నవ్వకుండా రాయవే.)

నేను పుట్టింది కళింగపట్నం. సముద్రం తెలిసి రైలు తెలియని ఊరు. అరవై ఏడులోనో ఎనిమిదిలోనో నన్ను నౌపడ దగ్గర పల్లెకిచ్చారు. మా అత్త ఎండుచేపల గంప ఎత్తుకుని, నౌపడలో చిన్నబండెక్కి, పర్లాకిమిడి సంతకి వెళ్లేది. సంతలో బియ్యం కొట్లకి ఎదురుగా ఓ మూల ఆవిడ గోనెపట్టా పరిచే చోటుంది. ఎవరూ రాసిచ్చింది కాదు, ఇరవై ఏళ్లు కూర్చుంది కనక ఆవిడది. ఒక్క సంత రాకపోతే మరొకరు పట్టా పరుస్తారు, పరిచినవాళ్లదే చోటు. ఆ ఏడు మా ఆయన వల చిరిగి కూర్చున్నాడు, ఇల్లంతా ఆ గంప మీదే నడుస్తోంది. సరిగ్గా అప్పుడే అత్త మోకాలు గుమ్మడికాయంత వాచింది.

"ఒలే, ఈ సంతకి నువ్వెల్లాల" అంది అత్త. "నౌపడలో రెండు బళ్లుంటాయి. పెద్దది మనది కాదు, సిన్నది మనది. కొండలు దగ్గరికొచ్చినాక దిగు. ఆ సోటు పోనాదంటే, నువ్వూ నేనూ ఉప్పుమళ్లల్లో కూలికెల్లాల, గేపకముంచుకో."

వల అల్లుకుంటున్న మా ఆయన తలెత్తాడు. "దానికి బళ్లేటి తెలుస్తాయమ్మా?"

"నావెక్కినోలికి బండెక్కడమేటి కష్టంరా?" అంది అత్త. (తప్పంతా నాదే అంటారు గానీ, సగం ఈ మాటది.)

నాకు తోడు, అదే సంతలో చేపలమ్మే మా వీధి గొట్టం పిన్ని వచ్చింది. నోరు విప్పితే రెండు పల్లెలకి వినిపించేది కనక ఆ పేరు. నౌపడలో చిన్నబండి అప్పుడే పర్లాకిమిడి నుంచి పొగలు కక్కుతూ వచ్చి ఆగింది. అవతల పెద్దబండి కూడా వచ్చి నిలబడింది. దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు, కోళ్లు, మూటలు, ఆకుల కట్టలు, ఆ పట్టాల నుంచి ఈ పట్టాలకి పరుగులు. "నువ్విక్కడ కూకో, కదిలినావంటే సంపేస్తాను. నేను మంచినీలు తాగొచ్చి గార్డుగారి పెట్టెలో కూకుంటాను" అని చిన్నబండిలో నన్నూ నా గంపనూ ఎక్కించి పిన్ని వెళ్లిపోయింది.

కదలకుండానే కూర్చున్నాను. కానీ కళ్లున్నాయి కదా. ముందున్న ఇంజను బండిని వదిలేసి ఎటో వెళ్లింది, నీళ్లు తాగింది, పక్క పట్టాల మీంచి చక్కా వచ్చి బండి తోకకి తగులుకుంది! మా పల్లెలో నావ సముద్రంలోకి వెళ్లాలంటే ముక్కు తిప్పి తోస్తాం. తోకకి తాడు కట్టి లాగామంటే ఒకటే అర్థం, కన్నం పడింది, ఒడ్డెక్కించి మరమ్మత్తు చెయ్యాలి. అయ్యో, ఈ బండికి ఎక్కడో కన్నం పడింది, ఇవాళ పోదు, అనుకున్నాను. నా పక్కన కూర్చున్న ముసలాయన హాయిగా చుట్ట కాలుస్తున్నాడు. పాపం ఈయనకి సముద్రం తెలియదు, ఏం చెప్పినా ఎక్కదులే అని జాలిపడ్డాను. చూస్తే పెద్దబండికి ఇంజను ముక్కు దగ్గరే బుద్ధిగా ఉంది. చిన్నది ఒడ్డెక్కింది కనక పెద్దదాన్ని పంపుతున్నారన్నమాట. గంపెత్తుకుని పరిగెత్తి అది ఎక్కేశాను.

పెద్దబండి కదిలింది. అవతల చిన్నబండి కిటికీలోంచి గొట్టం పిన్ని నడుం దాకా బయటికి వచ్చి, "ఒలే! దిగే! దిగే గుంటా!" అని అరుస్తోంది. మరమ్మత్తుకి పోయే బండిలో చిక్కుకుపోయి నన్ను సాయం రమ్మంటోందనుకుని, "సంతలో నీ సోటు కూడా నేనే సూసుకుంటాను పిన్నీ!" అని చెయ్యి ఊపాను.

దూరంగా కొండలు కనబడ్డాయి. ఆహా, అత్త చెప్పిన కొండలే. పెద్ద స్టేషనొకటి రాగానే దిగి, గుమ్మం దగ్గర టిక్కెట్టు ఇచ్చాను.

"పర్లాకిమిడి టిక్కెట్టుతో పలాసలో దిగావేమ్మా?" అన్నాడు టిక్కెట్లాయన.

"ఇది పర్లాకిమిడి కాదేటి బాబూ?"

గంప అక్కడే దించాను. తోకకి ఇంజను కట్టిన సంగతంతా చెప్పాను. ఆయన నవ్వీ నవ్వీ టోపీ తీసి కళ్లు తుడుచుకున్నాడు. "అమ్మా, బండికి ముక్కూ తోకా ఉండవు. ఇంజను ఎటు తగిలిస్తే అటే ముక్కు" అన్నాడు. ఆ మాటకి నాకు నవ్వు రాలేదు. బియ్యం కొట్ల ఎదురుగా ఇంకెవరిదో పట్టా పరుచుకుంటున్నట్టు కళ్లకి కట్టింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

అప్పుడు రైల్వే క్వార్టర్ల వైపు పోతున్న ఒకావిడ కూరల సంచితో ఆగి, ముక్కు ఎగరేసింది. "ఆ గంపలో నెత్తల్లేటే?" కళ్లు తుడుచుకుని అవునన్నాను. "మా ఈదికి రాయే. ఎండుసేప మొకం సూసి ఎన్నాళ్లయినాదో!" టిక్కెట్లాయన నాకేసి చూసి, గేటు పక్కకి తప్పుకున్నాడు. సాయంత్రానికి నా గంపలో వాసన తప్ప ఏమీ మిగల్లేదు.

తిరుగుబండిలో నౌపడ వచ్చేసరికి, చిన్నబండి దిగిన గొట్టం పిన్ని నన్ను చూసి మీద పడింది. "సచ్చినావనుకున్నాను గదే! నీ అత్త సోటు పోనాది. అవతల పల్లెది పట్టా పరిసీసింది!"

ఇంటికెళ్లి ఖాళీ గంప అత్త ముందు పెట్టి, జరిగిందంతా చెప్పాను. అత్త మోకాలు రాసుకుంది. ఇరవై ఏళ్ల చోటు. నేను గోడకి అతుక్కుని నిలబడ్డాను.

"అక్కడ నీ పక్కన సేపలమ్మీవోలు ఎవులు కూకున్నారు?" అంది.

"ఎవులూ లేరత్తా. నేనొక్కదాన్నే."

"మల్లీ రమ్మన్నారేటి?"

"వచ్చే మంగలారం రమ్మన్నారు. సావిడాయి సేపలు కూడా కావాలంట."

మా ఆయన వలలో మొహం దాచుకుని నవ్వుతున్నాడు. మంగళవారం తెల్లారగానే అత్త కుంటుకుంటూ లేచి, తన గోనెపట్టా దులిపి, మడతపెట్టి, నా గంప మీద వేసింది. "ఈపాలి సూసుకుని ఎక్కు" అంది.

"ఏ బండత్తా?"

"తప్పు బండే!"

ఆ తప్పు బండి మీదే మా కూతురు చదువుకుంది, దాని కూతురు ఢిల్లీ దాకా వచ్చింది. అత్త పోయింది, మా ఆయనా పోయాడు. పోయేదాకా ఆయన నన్ను పిలిచిన పిలుపు "పలాస నావ".

ఢిల్లీలో ఆ రోజు బండి వచ్చి ఆగితే, "ఇంజనెటే?" అని అడిగాను. "రెండు చివర్లా నడిపే గది ఉంటుంది అమ్మమ్మా, ఎటైనా వెళ్తుంది" అంది మనవరాలు. నేను అటు చూశాను, ఇటు చూశాను. రెండు పక్కలా ముక్కే! ఇలాంటి బండే ఆనాడు నౌపడలో ఉండుంటే, గంపెత్తుకున్న ఆ గుంట కదలకుండా కూర్చుని, బుద్ధిగా పర్లాకిమిడి చేరి, బియ్యం కొట్ల ఎదురుగా ముసలిదైపోయేది. దాన్ని తలుచుకుని నవ్వుకుంటుంటే తలుపులు మూసుకుపోతున్నాయి. "ఎక్కు అమ్మమ్మా, ఇదే మన బండి" అని నా చెయ్యి లాగింది.

"మనదైతే కాస్త ఆగవే," అన్నాను, "ఆ ఎదురుది ఎక్కడికి పోతాదో?"