ఎంగిలి భావం

జూన్ నెల రెండో ఆదివారం, ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు కొత్తవలసలో మా ఓపెన్ టెన్త్ క్లాసు మొదలైంది. బెంచీ మీద నా పక్కన నా మేనకోడలు. నాకు అరవై ఆరు, దానికి ముప్పై ఒకటి. నేను చదువు మీద ఆశ తీరక చేరాను. అది అవసరం కొద్దీ చేరింది. మా ఊరి అంగన్‌వాడీలో అది ఆయా. వచ్చే మే నెలాఖరుకి అక్కడి టీచరమ్మ రిటైరవుతుంది. ఆలోగా టెన్త్ పాసైతే ఆ ఉద్యోగం దీనికి వస్తుంది.

మొదటి పాఠం ఎండాకాలం మీద ఒక పాత పద్యం. నాలుగు పాదాలూ సమాసాలతో ముడిపడి ఉన్నాయి. సొంత మాటల్లో భావం రాయాలి. సారు పద్యం వంక చూడనైనా చూడలేదు. గైడు తీసి, "గ్రీష్మతాప తీవ్రతను కవి హృదయంగమంగా వర్ణించాడు" అంటూ నాలుగు వాక్యాలు చదివి, అందరిచేతా వల్లె వేయించాడు. సొంత మాటలట! ఎవరో నమిలి ఉమ్మినదాన్ని క్లాసంతా మళ్లీ నమిలింది. మా ఇంట్లో ఒకరి ఎంగిలి గ్లాసు ఇంకొకరు ముట్టరు.

ఇంటికొచ్చి పద్యం నేనే విప్పాను. ముందు క్రియ కోసం వెతికితే చిట్టచివర దొరికింది. నాకుతున్నాయి. ఏవి? ఆవులు. దేన్ని? ఇసుకని. అక్కణ్ణుంచి తక్కిన ముడులు వాటంతటవే వదులయ్యాయి. మేనకోడల్ని కూర్చోబెట్టి అవే ప్రశ్నలు అడిగాను.

"ఏరు ఎండిపోనాది అత్తా. అడుగున సెమ్మ తగుల్తాదేమోనని ఆవులు ఇసక నాకుతన్నాయి. మరేటి సేస్తాయి, నోరులేని జీవాలు?"

"అదేనే భావం!"

"ఓస్, ఇంతేనా! దీనికా ఆ సారు అంతసేపు గొంతు సించుకున్నాడు?"

అదే బడి తెలుగులో శుభ్రంగా రాసి, మరుసటి ఆదివారం చూపించింది. సారు ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేశాడు.

"ఆవులేంటమ్మా? గైడులో ఉన్నాయా?"

"పద్యంలో ఉన్నాయి సార్."

"మార్కులు వేసేది పద్యమా?"

క్లాసంతా ఘొల్లుమంది. ప్రకృతి మీద ఏ పద్యం వచ్చినా ఆ నాలుగు వాక్యాలే దించెయ్యమన్నాడు సారు. దారిలో నేను ఎంత చెప్పినా అది వినలేదు.

"తప్పితే నీకేటి పోతాది అత్తా? నాకు ఉద్యోగం పోతాది."

ఆ రోజు నుంచి గైడే కంఠతా పట్టింది.

పరీక్షలో ఎప్పుడూ చూడని పద్యం ఇచ్చారు. జడివానకి మడులు మునిగి నారు కొట్టుకుపోవడం అందులో ఉంది. బయటికి రాగానే ఏం రాశావని అడిగాను. గ్రీష్మతాపం రాసిందట.

"వాన పద్యమని తెలీలేదా నీకు?"

"ఎందుకు తెలీదు? నారు పోతన్నాదని కూడా తెలిసింది. కానీ సారు సెప్పింది రాయకపోతే మార్కులెయ్యరని బయమేసింది."

దాని మీద కోపం రాలేదు. ఆ మనిషి మీద, ఆ గైడు మీద రోత పుట్టింది. ఈ జూన్‌లో కూడా అదే గదిలో, అదే గైడుతో, కొత్తవాళ్లచేత మళ్లీ వల్లె వేయిస్తున్నాడు.

లెక్క ఇది. తెలుగులో పాసవడానికి ముప్పై ఐదు కావాలి, దానికి ముప్పై ఒకటి వచ్చాయి. భావం ప్రశ్నకి ఐదు మార్కులు, దానికి వేసింది సున్నా. తక్కిన సబ్జెక్టులన్నీ పాసైంది. అంగన్‌వాడీకి పక్క ఊరి నుంచి కొత్త టీచరు వచ్చింది. పోయినవి ఐదు మార్కులు, ఒక ఏడాది, ఒక ఉద్యోగం.