వంగని ఉంగరం వేలు

2023 చలికాలం, అంటే ఇక్కడ జూన్, జూలై. ఆక్లండ్‌లో హాబ్సన్‌విల్. కొత్త ఇళ్ల వరసల మధ్య, ఫార్మసీ పక్కన మా క్లినిక్. నేను హ్యాండ్ థెరపిస్టును. అంటే, మోచేతి నుంచి వేలి కొసదాకా దెబ్బతిన్న చేతిని మళ్లీ పనిలో పెట్టే మనిషిని. "వేళ్లకు కూడా వేరే డాక్టరా?" అని నల్గొండలో మా చుట్టాలు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. అన్నం కలుపుకునేటప్పుడు ఒక్క వేలు మొరాయిస్తే తెలుస్తుంది దాని విలువ.

మా రిసెప్షనిస్టు లోసా, సమోవా దీవుల మనిషి. నోరు తెరిస్తే కొడుకు మాటే. ఆ కొడుకు సియోనె, ఇరవై మూడేళ్ల కుర్రాడు, అమెరికాలో ఒక ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్టులో వైడ్ రిసీవర్. ఇది కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో విసురుతారు. వైడ్ రిసీవర్ మైదానం అంచు వెంట పరుగెత్తి దాన్ని గాల్లోనే అందుకోవాలి. "నా బతుకంతా ఈ పది వేళ్లే ఆంటీ" అని ఓసారి నాతోనే అన్నాడు. మనలాగే వాళ్లలోనూ అమ్మ ఈడువాళ్లంతా ఆంటీలే. జట్టులో వాడి చోటు ఇంకా ఖాయం కాలేదు. జూలై చివర్లో ట్రైనింగ్ క్యాంప్. అక్కడ నెగ్గితే ఉంటాడు, లేకపోతే ఇంటికే. దానికి ముందు దొరికిన సెలవుల్లో ఇంటికి వచ్చాడు.

తిరుగు ప్రయాణం రేపనగా లోసా వాడిని చెయ్యి పట్టుకుని నా గదిలోకి లాక్కొచ్చింది. ఇంట్లో కాఫీ కప్పు జారవిడిచాడట, అదీ రెండోసారి. కుడిచేతి ఉంగరం వేలూ మధ్య వేలూ కలిపి టేపు చుట్టి ఉంది.

"ఏమైంది రా?"

"ఏం లేదాంటీ. కాస్త పట్టేసింది, అంతే."

టేపు విప్పాను. పెద్దగా వాపు లేదు. ఉంగరం వేలి నడిమి కీలు కదలకుండా పట్టుకుని, కొస ఒక్కటీ వంచమన్నాను. పళ్లు బిగించాడు. కొస కదల్లేదు. అరచేయి తడిమి చూస్తే బఠాణీ గింజంత గడ్డ తగిలింది.

దీన్ని మేం జెర్సీ ఫింగర్ అంటాం. ఎదుటివాడి చొక్కా పట్టి లాగేటప్పుడు వేలి కొసను వంచే టెండన్, అంటే తాడులాంటి నరం, ఎముక నుంచి ఊడి అరచేతిలోకి ముడుచుకుపోతుంది. నొప్పి త్వరగానే తగ్గిపోతుంది. అందుకే జనం మోసపోతారు. వారం పది రోజుల్లో సర్జరీ చేస్తే తిరిగి అతుక్కుంటుంది.

"ఎప్పుడు తగిలింది?"

తల్లి వైపు చూశాడు. "వచ్చిన మొదటి శనివారం. క్లబ్బు మ్యాచ్‌లో."

మూడు వారాలు దాటిపోయింది.

"రగ్బీ ఆడావా?" లోసా కేక పెట్టింది. "ఆడకూడదని నీ కాంట్రాక్టులో లేదూ?"

"మామయ్య అడిగాడమ్మా. ఒక్క మ్యాచ్ అన్నాడు. ఆయనడిగితే ఎట్లా కాదంటాను?"

మామయ్య అంటే ఫెటు, లోసాకు అన్న. రోజూ లారీ నడుపుతాడు, సాయంత్రాలు ఊళ్లో రగ్బీ క్లబ్బుకు కోచ్. చిన్నప్పుడే తండ్రి పోయిన సియోనెకు బంతి పట్టడం నేర్పింది ఆయనే. నాన్న లేని పిల్లాడికి మేనమామ మాటంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"దెబ్బ తగిలాక అయినా చూపించుకోమనలేదా ఆ మహానుభావుడు?"

"టేపు వేసుకో, ఏం కాదన్నాడు. క్లినిక్‌కొస్తే దెబ్బ ఎట్లా తగిలిందో రాస్తారు కదాంటీ? రగ్బీ అని రాస్తే నా పని అయిపోయినట్టే."

ఉన్నదున్నట్టు చెప్పాను. ఇక ఆ తాడును లాగి కుట్టడం కుదరదు. రెండు ఆపరేషన్లు పడతాయి, ఏడాది దాకా ఆట లేదు. అంతా విని వాడు అడిగిందేమిటో తెలుసా? "చర్మం రంగు టేపు ఉంటుందా ఆంటీ? కనబడకుండా?"

"నీ తలకాయ! వాళ్ల డాక్టర్ గుడ్డివాడనుకున్నావా? నేను చేసిన పరీక్ష అతనికీ వచ్చు. ముందే నిజం చెప్పు."

"చెబితే పంపించేస్తారు."

"చెప్పకపోయినా పంపించేస్తారు."

వాడు వెళ్లాడు, చెప్పలేదు. క్యాంప్ మొదటిరోజే డాక్టర్ నడిమి కీలు పట్టుకుని కొస వంచమన్నాడట. ఆ వారంలోనే జట్టు నుంచి తీసేశారు. ఇక్కడికొచ్చాక రెండు ఆపరేషన్లూ అయ్యాయి. నెలల తరబడి నేనే కసరత్తు చేయించాను. వేలు సగం వంగుతుంది. ఏ జట్టూ మళ్లీ పిలవలేదు. ఇప్పుడు ఒక గోడౌన్‌లో సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడుపుతున్నాడు. ఆ రోజుల్లో నేను అన్నం ముందు కూర్చుని కూడా ఇదే గొణుగుతుంటే మా ఆయన, "గాళ్ల ఇంటి సంగతి, నువ్వెందుకు గింత పరేషాన్ అయితున్నవ్?" అన్నాడు. పరేషాన్ కాకపోతే ఎట్లా? బంగారంలాంటి చెయ్యి, ఒక టేపు ముక్క కింద నాశనమైంది.

మరుసటి చలికాలం లోసా పట్టుబట్టి, వేలి దెబ్బల గురించి ఆటగాళ్లకు చెప్పమని నన్ను క్లబ్బుకు తీసుకెళ్లింది. లోపల అడుగుపెట్టగానే గోడ మీద సియోనె ఫోటో, ఆ మ్యాచ్ రోజుది. టేపు చుట్టిన చెయ్యి పైకెత్తి నవ్వుతున్నాడు. కింద 'వేలు పోయినా ఆట ఆపలేదు' అని రాసి ఉంది. ఒళ్లు మండిపోయింది. ఫెటు చెయ్యి చాచి, "థాంక్యూ సిస్, వచ్చినందుకు" అన్నాడు. సిస్ అంటే వాళ్ల వాడుకలో చెల్లెమ్మ. నేను చెయ్యి కలపలేదు.

"ఆ ఫోటో తీసేయండి."

"అది మా గర్వం సిస్."

పాఠం మొదలుపెట్టాను. నడిమి కీలు పట్టుకోండి, కొస వంచండి, ఒక్కో వేలూ చూసుకోండి అన్నాను. అందరూ వంచుతున్నారు. వెనక నిలబడ్డ ఫెటు కూడా సరదాకి చూసుకుంటున్నాడు. ఎడమ ఉంగరం వేలు దగ్గర ఆగాడు. మళ్లీ ప్రయత్నించాడు. కొస కదల్లేదు.

"ఇది ఎప్పుడూ ఇంతే సిస్," అన్నాడు మెల్లిగా. "కుర్రతనంలో మ్యాచ్‌లో తగిలింది. టేపు వేసుకుని ఆడాను. లారీ నడుపుతూనే ఉన్నాను. నాకేం కాలేదు. అందుకే వాడికీ..."

లోసా అన్న దగ్గరికి వెళ్లి ఆ వేలు పట్టుకుని చూసింది.

"లారీ నడపడానికి నీకు ఈ వేలు అక్కర్లేదన్నయ్యా," అంది. "నా కొడుక్కి కావాలి."

ఫెటు అందరి ముందూ ఏడ్చాడు. నాకు జాలి వేసింది, అబద్ధం ఎందుకు? కోపం మాత్రం పోలేదు, ఇవాళ్టికీ పోలేదు. అబద్ధం చెప్పి చెడగొట్టినవాణ్ని తిట్టి వదిలేయొచ్చు. ఈయన తనకు తెలిసిన నిజమే చెప్పి పిల్లాడి బతుకు చెడగొట్టాడు.

ఫోటో తీసేశారు. అయినా సియోనె ఆ గడప తొక్కలేదు. ఈ కేసు నాకు నేర్పింది ఒక్కటే. ఇప్పుడు ఎవరైనా వచ్చి, "మావాళ్లు ఏం కాదన్నారండీ" అంటే, దెబ్బ తగిలిన చెయ్యి చూడటంతో ఆగను. ఆ మాటన్న మనిషిని కూడా పిలుచుకు రమ్మంటాను. ముందు ఆ చెయ్యి చూస్తాను.